చేప దాహం

మా వార్డులో కుళాయిలకు పిడులుండవు. పదకొండేళ్ల క్రితమే ఊడదీసేశారు. నీళ్లు కావాలంటే నేను నా నడుముకు వేలాడే ఇత్తడి పిడిని కుళాయి మొండికి తగిలించి తిప్పాలి, పని కాగానే మళ్లీ నడుముకు కట్టేసుకోవాలి. నా మొగుడు కూడా నన్ను అంతకాలం అంటిపెట్టుకుని లేడు. వార్డులో నలభై మంది ఆడవాళ్లున్నారు. ఒక్కదాని పుణ్యమా అని మిగతా ముప్పై తొమ్మిది మందీ మొహం కడుక్కోవడానికి నా మొహం చూడాల్సి వచ్చేది. ఆ ఒక్కదాన్నీ అందరం చేప అనేవాళ్లం.

అసలు పేరు కేసు కాగితాల్లో ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా పలికేది కాదు. నేను ఆ వార్డుకు ఆయాను. రోగులు ఆయమ్మా అంటారు, నర్సులు ఏయ్ అంటారు. దేనికైనా పలుకుతాను.

చేపకున్నది దాహం కాదని డాక్టర్లు చెప్పేవారు. దాహమంటే ఒంట్లో నీళ్లు తగ్గితే వేసేదట. ఈమెకు ఒంట్లో నీళ్లు పొంగిపొర్లుతున్నా నాలుక మాత్రం ఎండిపోయినట్టే ఉంటుంది. బుర్రలో 'ఇక చాలు' అని చెప్పే చోటు ఏదో చెడిపోయింది. బకెట్టు కనిపిస్తే బకెట్టు, గ్లాసు కనిపిస్తే గ్లాసు. స్నానం చేయిస్తుంటే నెత్తిన పోసిన నీళ్లు జారి నోటి దగ్గరికొచ్చేసరికి మింగేసేది. నేల తుడిచే గుడ్డను చప్పరిస్తూ ఒకసారి దొరికింది. వాన పడితే కిటికీ ఊచల్లోంచి నాలుక బయట పెట్టి నిలబడేది. ఎక్కువ తాగిందంటే నెత్తుట్లో ఉప్పు పలచనైపోయి, మాట తడబడి, కళ్లు తేలేసి, మూర్ఛ వచ్చేది. నీళ్లు లేక చచ్చేవాళ్ల గురించి విన్నాను గానీ నీళ్లు తాగి చచ్చేవాళ్లుంటారని ఈ ఉద్యోగంలో చేరాకే నాకు తెలిసింది.

ఇక్కడికి రాకముందు ఆమె చొక్కాలు కుట్టేది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు. ఒక మధ్యాహ్నం ఎనిమిదేళ్ల ఆ పిల్ల బడి నుంచి వచ్చి తలుపు తీస్తే, వంటింట్లో కుళాయి ధారగా పోతోంది, తల్లి నేల మీద గిలగిల కొట్టుకుంటోంది. పిల్లను హాస్టల్లో వేశారు, తల్లిని మా దగ్గర పడేశారు. కుట్టుమిషను ఎవరో ఎత్తుకుపోయారు.

మా పద్ధతి ఏమిటంటే, పొద్దున ఏడింటికి చేపను తూకం యంత్రం మీద నిలబెట్టాలి. సాయంత్రం నాలుగింటికి మళ్లీ నిలబెట్టాలి. ఈ రెండిటికీ మధ్య రెండున్నర కిలోల కంటే ఎక్కువ పెరిగితే దొంగతనంగా తాగిందన్నమాట. అప్పుడు మూసిన గదిలో పెట్టి, తాగినదంతా పోసేదాకా బయటికి రానివ్వకూడదు. పొద్దున ఎంత ఉంది, సాయంత్రం ఎంత ఉంది అని ఎవరూ చూడరు. ఎంత పెరిగింది అన్న ఒక్క అంకే పెద్దనర్సు రాసుకునేది. ఆ గదిలో మంచం లేదు, గోడకు మనిషి ఎత్తున గోళ్ల గీతలున్నాయి.

ఈ ఏడు కొత్త డాక్టరమ్మ వచ్చింది. అగ్గిపుల్లంత మనిషి, మాట మాత్రం సూటిగా ఉండేది. వచ్చిన నెలలోనే ముప్పై గళ్ల కాగితం ఒకటి గీసి నర్సుల టేబులు మీద అతికించింది. రోజుకొక గడి. పెరుగుదల హద్దులో ఉంటే నీలం, దాటితే ఎరుపు. ముప్పై గళ్లూ వరసగా నీలంగా నిండితే చేప ఇంటికి వెళ్లొచ్చు. ఒక్క ఎరుపు పడినా మళ్లీ ఒకటో గడి నుంచి మొదలు. డాక్టరమ్మ ఈ మాట చెప్పిన రోజున చేప ఆ కాగితం దగ్గర నిలబడి వేలితో గళ్లు లెక్కపెట్టింది. మూడుసార్లు లెక్కపెట్టింది.

ఇల్లంటే కూతురి గది. ఆ పిల్లకిప్పుడు పంతొమ్మిదేళ్లు. కళ్లద్దాల షాపులో పని దొరికింది, మూడో అంతస్తులో ఒంటిగది తీసుకుంది. ప్రతి ఆదివారం వచ్చి తల్లి జుట్టు దువ్వి, నా పక్కన కూర్చునేది. నన్ను పెద్దమ్మా అనేది. వంటింటి కుళాయికి తాళం వేయించానని, తూకం యంత్రం కూడా కొన్నానని చెప్పింది. అమ్మ ఎంత తాగాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఏడిస్తే ఏం చేయాలి అని నన్నడిగి చిన్న పుస్తకంలో రాసుకునేది. ఎవరూ నన్ను అడిగి ఏదీ రాసుకోలేదు అంతకు ముందు. ఆ పిల్లంటే నాకు నిజంగానే ఇష్టం.

ఇక నా సంగతి చెప్పాలి, లేకపోతే ఇదంతా ఎందుకు జరిగిందో అర్థం కాదు. నా మోకాళ్లు అరిగిపోయాయి. మా వార్డు బట్టల యంత్రం చెడిపోయి నాలుగేళ్లయింది. ఆఫీసుకు ఉత్తరం రాశామంటారు, జవాబు రావాలంటారు, ఇదిగో అదిగో అంటారు. నలభై మంచాల దుప్పట్లు, అందులో సగం రోజూ తడిసేవే, చేత్తో ఉతకాలి. ఆ పని నాది. నాలుగేళ్లుగా చేసింది మాత్రం చేప. దాని చేతుల్లో ఏం బలమో, తడి దుప్పటిని రెండు మెలికలు తిప్పిందంటే చివరి చుక్క దాకా రాలేది. పది దుప్పట్లకు అర గ్లాసు నీళ్లు ఇచ్చేదాన్ని. డాక్టర్ల లెక్కలో లేని నీళ్లు. లంచమనుకోండి, కూలి అనుకోండి, ఇద్దరికీ కడుపు నిండిన బేరం. నాకు రిటైరుమెంటుకు రెండేళ్లుంది. దుప్పట్లు ఉతకలేనని తెలిస్తే ఆఫీసువాళ్లు ఫిట్‌నెస్ పరీక్షకు పిలుస్తారు. అందులో మోకాళ్లు వంచమంటారు. ఆ పరీక్షకెళ్లిన ఆయా ఎవరూ తిరిగి పనిలోకి రాలేదు.

కాగితం అతికించిన తొమ్మిదో రోజు పొద్దున, తూకం యంత్రం పళ్లెం మీద నీటిచుక్క ఒకటి పడింది. ఇంకొకటి పడింది. నేను చేప గౌను ఎత్తి చూశాను. చింపిన దుప్పటి పేలికను పొట్ట చుట్టూ నాలుగు వరసలు చుట్టుకుని ఉంది. తడిపి, కారకుండా ఉండేంత వరకే పిండి, చుట్టింది. అంత లెక్కగా పిండటం దానికొక్కదానికే వచ్చు. పొద్దున తూకంలో ఆ తడిగుడ్డ కిలోన్నర తూగుతుంది. తర్వాత దాన్ని విప్పి మిగతా దుప్పట్లలో కలిపేస్తుంది. ఆ కిలోన్నర నీళ్లు పగలంతా ఎక్కడెక్కడో సంపాదించి తాగినా సాయంత్రం అంకె పెరగదు. పదకొండేళ్లుగా పిచ్చిదనుకున్న మనిషి మా అందరి చెవుల్లో పువ్వులు పెట్టింది.

"చెప్పకు ఆయమ్మా. నా కూతురు దగ్గరికి పోవాలి," అంది.

నేను చెప్పలేదు. జాలిపడి అనుకుంటారేమో. కొంచెం జాలే. కానీ చెబితే ఎరుపు పడుతుంది, చేప మూసిన గదిలోకి పోతుంది, ఆ రోజు నలభై దుప్పట్లూ నా మోకాళ్ల మీద పడతాయి. అందుకని నోరు మూసుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. తడిగుడ్డ ఉంది కదా, ఎలాగూ బయటపడదు కదా అని ఆ రోజు నుంచి అర గ్లాసు కాస్తా పూర్తి గ్లాసు చేశాను. దుప్పట్లు ఇంకా తెల్లగా వచ్చేవి. తడిగుడ్డతో గొంతు కోయడమని ఊరికే అనలేదు పెద్దలు, మేం మాత్రం ఆ నెలంతా దాన్ని హాయిగా వాడుకున్నాం.

గళ్లు నీలంగా నిండుతూ పోయాయి. నాకు కళ్లున్నాయి, రోజూ ఆ కాగితం ముందు నుంచే తిరిగాను, అయినా ఆ నీలం ఎక్కడికి పోతోందో ఇరవై నాలుగో రోజు దాకా నా బుర్రకెక్కలేదు. ఆ రోజు డాక్టరమ్మ అందరి ముందూ నన్ను మెచ్చుకుంది. చేప ఇంటికి వెళుతోందంటే అది మీ కష్టమే అంది. నేను పొంగిపోయాను. ఆవిడ అటు వెళ్లగానే పెద్దనర్సు నా చేతిలో ఉన్న బుట్టను, నా కాళ్లను మార్చి మార్చి చూసి, మరి వచ్చే నెల నుంచి ఇవన్నీ నువ్వే ఉతుక్కోవాలి, చేతనవుతుందా, లేకపోతే ఇప్పుడే చెప్పు, ఆఫీసుకు రాసేస్తాను అంది. చేతనవుతుందని చెప్పాను. ఆ మధ్యాహ్నం చేపను పక్కకు తప్పుకోమని నేనే తొట్టి ముందు కూర్చున్నాను. ఆరో దుప్పటికి లేవలేకపోయాను. చేపే చంకల కింద చేతులేసి లేపింది.

ఆ తర్వాత ఐదు రోజులూ నేను మనిషిని కాను. ఎరుపు పడాలని కోరుకున్నాను. ఒక్క ఎరుపు పడితే మళ్లీ ముప్పై రోజులు. ఇంకో ఎరుపు పడితే ఇంకో ముప్పై. ఇలా నెట్టుకొస్తే రెండేళ్లు ఎంతసేపు. చేపకు మాత్రం ఏం తక్కువ ఇక్కడ, తిండి ఉంది, మంచం ఉంది, నీళ్లిచ్చే నేనున్నాను అని నాకు నేనే చెప్పుకున్నాను. పెద్దనర్సుతో తడిగుడ్డ సంగతి చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే ఇన్ని రోజులు ఎందుకు దాచావని అడుగుతారు. అలా నా తాడు నా మెడకే చుట్టుకుంది.

ఇరవై తొమ్మిదో రోజున కూతురు సెలవు పెట్టి వచ్చి తల్లికి కొత్త బట్టలు చూపించింది. చేప వాటి కుట్లు తిరగేసి చూసి, ఈ కుట్టు ఎవరు వేశారో గానీ సిగ్గులేనోళ్లని తిట్టింది. పదకొండేళ్లలో ఆమె నీళ్ల గురించి కాకుండా ఇంకో మాట అంతసేపు మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. పిల్ల నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. రేపు నాలుగు గంటలకు డాక్టరమ్మ ముందు ఆఖరి తూకం, ఐదింటికి బయల్దేరతాం పెద్దమ్మా, నువ్వు మా గదికి తప్పకుండా రావాలి అంది. వస్తానన్నాను.

ముప్పయ్యో రోజు పొద్దున చేప యంత్రం ఎక్కింది. నేను అలవాటుగా గౌను మీద చెయ్యి వేశాను. పొట్ట పొడిగా ఉంది. ఎందుకు చుట్టుకోలేదని అడిగితే, ఇవాళ నిజంగా తూగుతాను అంది. కూతురింట్లో యంత్రానికి తడిగుడ్డ చుట్టలేను కదా, ఇవాళ్టి నుంచే మొదలుపెడతాను అంది. నేను ఆ అంకె రాసుకున్నాను. ఇది వెళ్లిపోతుందని నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

దుప్పట్లు రోజులాగే ఉతికింది. పది దుప్పట్లకు గ్లాసు నింపి ఇస్తే వద్దని తల తిప్పింది. ఇరవైకి ఇచ్చాను, వద్దంది. మధ్యాహ్నం ఒంటి గంటకు నేను ఇత్తడి పిడిని కుళాయికి తగిలించి, అలాగే వదిలేసి, దుప్పట్లు ఆరేసే వంకతో డాబా ఎక్కాను. పదకొండేళ్లలో ఆ పిడిని కుళాయికి వదిలేయడం అదే మొదలు. మరిచిపోలేదు. తెలిసే చేశాను. గంట సేపు ఎండలో నిలబడ్డాను.

దిగి వచ్చేసరికి చేప కుళాయికి వీపు పెట్టి, గోడకు మొహం పెట్టి, పీట మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ తొడల కింద పెట్టి తొక్కిపట్టుకుంది. ఏదో గొణుగుతోంది. దగ్గరికెళ్లి వింటే చొక్కా కొలతలు. కాలరు పదిహేను, భుజం పద్దెనిమిది, చెయ్యి ఇరవై మూడు. అది అయిపోతే ఇంకో చొక్కా. పెదాలు పగిలి ఉన్నాయి. కుళాయి కింద గచ్చు పొడిగా ఉంది, ఒక్క చుక్క పడలేదు. ఎంతమంది డాక్టర్లు, ఎన్ని మాత్రలు ఇచ్చినా ఆపలేని దాన్ని ఆ గంటసేపు అది ఒక్కతే ఆపుకుంది.

నాకు సంతోషం కలగాలి. కోపం వచ్చింది. నా మీద పగబట్టి కూర్చున్నట్టు అనిపించింది. జగ్గు తీసుకుని నిండా పట్టాను. నీళ్ల చప్పుడుకు దాని వీపు వణికింది, తల మాత్రం తిప్పలేదు.

"డాక్టరమ్మ ఫోన్ చేసింది. నాలుగింటికి రక్తం తీస్తారంట. నీళ్లు తాగకపోతే నరం దొరకదు, ఇంటికి పంపడం కుదరదంట. ఈ జగ్గు తాగమంది," అన్నాను.

"మొదలెడితే ఆపుకోలేను ఆయమ్మా. నీకు తెలుసుగా."

"ఆపడానికి నేనున్నాను కదే."

అది నా మొహంలోకి చూసింది. పదకొండేళ్లు నేనిచ్చిందే తాగింది, నేను చెప్పిందే విన్నది. డాక్టరమ్మ మాట వింటేనే కూతురి దగ్గరికి పోతానని దాని లెక్క. కళ్లు మూసుకుని జగ్గు అందుకుని, మందు తాగినట్టు తాగింది. మొదటి జగ్గు నేను పట్టించాను. రెండో జగ్గుకు నా అవసరం లేకపోయింది.

మూడు కిలోలు పెరిగితే చాలు నాకు. ఎరుపు పడుతుంది, అది ఏడుస్తుంది, పిల్ల ఏడుస్తుంది, నెల తర్వాత మళ్లీ చూద్దామంటారు. అంతకు మించి నేనేమీ కోరలేదు. పావుగంటలో వచ్చి ఆపుదామని పిడిని కుళాయికే వదిలి టీకి వెళ్లాను. వంటావిడ తన కోడలు చేసిన ఘనకార్యం ఏదో చెబుతోంది. నేను వింటూ కూర్చున్నాను. కుర్చీలోంచి లేవాలంటే మోకాళ్ల నొప్పి అని చెప్పొచ్చు. అబద్ధం. వెళ్లి ఆ మొహం చూడాలంటే భయమేసింది. గడియారం మూడున్నర కొట్టాకే లేచాను.

కుళాయి ధారగా పోతోంది. సబ్బు జాడించే తొట్టి కూడా సగానికి దిగింది. చేప గచ్చు మీద నీళ్లలో పడి ఉంది, నోట్లోంచి నురుగుతో నీళ్లు వస్తున్నాయి, నన్ను చూసి నవ్వి కూతురి ముద్దుపేరుతో పిలిచింది. నేను ముందు కుళాయి కట్టేశాను. పిడి ఊడదీసి నా నడుముకు కట్టుకున్నాను. ఆ తర్వాతే కేకలు వేశాను. ఈ వరస నేను ఎవరికీ చెప్పలేదు.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. వెనకే ముందుగా వచ్చేసిన కూతురు. పిల్ల ఆ నీళ్లలోనే కూలబడి తల్లి తలను ఒళ్లోకి తీసుకునేలోపే మూర్ఛ మొదలైంది. అప్పుడు ఎనిమిదేళ్లకు చూసిందే ఇప్పుడు మళ్లీ చూసింది. ఒకదాని వెనక ఒకటి, నాలుగుసార్లు. పిల్ల అరవలేదు, తల్లి దవడ పట్టుకుని పెద్దమ్మా పెద్దమ్మా అని నన్నే పిలిచింది.

పిడి దీనికెలా దొరికిందని పెద్దనర్సు అడిగింది. నా చేతులు సబ్బులో ఉండగా నడుము నుంచి లాక్కుందని, నన్ను తోసేసిందని, నేను లేచేసరికి ఇలా ఉందని చెప్పాను. ఒక్కరు కూడా మారుమాట అడగలేదు. చేప సంగతి అందరికీ తెలిసిందే కదా. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నేను చెప్పింది అబద్ధమని ఎరిగిన ఒకే ఒక్క మనిషికి అప్పటికి స్పృహ లేదు.

పెద్దాసుపత్రిలో ఇరవై రోజులు ఉంచి తిరిగి పంపారు. మెదడు వాచిందట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది, వినికిడి మాత్రం ఉంది. చెప్పింది అర్థమవుతుంది, కళ్లతో జవాబు చెప్పబోతుంది. దాహం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు లేచి దొంగతనం చేయడం దానివల్ల కాదు గనుక గంటకు ఇన్ని చెంచాలని రాసిచ్చారు. చెంచాతో తాగించే పని నాకే ఇచ్చారు. రోగి దాడి చేసిందని కాగితం మీద పడింది కదా, ఆఫీసువాళ్లు నా మీద జాలిపడి కూర్చుని చేసే పనికి మార్చారు, పరీక్ష ఏదీ లేకుండానే. విచారణకొచ్చిన పెద్దమనిషి రోగులతో బట్టలు ఉతికిస్తారా అని కేకలేశాడు. నాలుగేళ్లుగా కదలని బట్టల యంత్రం ఆరు రోజుల్లో బాగైంది. చిన్న బెల్టు ఒకటి తెగిందట.

కూతురు ఆదివారాలు వచ్చేది. ఎత్తి కూర్చోబెట్టాలి, తుడవాలి, గంట గంటకూ చెంచా పట్టాలి. పొద్దున పోతే రాత్రికి వచ్చే పిల్లకు మూడో అంతస్తులో ఒంటరిగా ఇది కుదిరే పని కాదని డాక్టరమ్మ నచ్చజెప్పింది. చేపను శాశ్వతంగా ఇక్కడే ఉంచే కాగితం మీద సంతకం పెట్టమంది. ఆ పిల్ల రెండు నెలలు పెట్టలేదు. పెట్టిన రోజున వార్డులోకొచ్చి మంచం పక్కన కూర్చుంది. నేను అటువైపు చెంచా, గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. చేప మా ఇద్దరి మధ్య పైకప్పు చూస్తూ ఉంది. పిల్ల తల్లిని కాదు, నన్నడిగింది.

"ఆ ఒక్క పూట ఆగలేకపోయిందా పెద్దమ్మా? సాయంత్రం దాకానే కదా. నాకంటే నీళ్లే ఎక్కువయ్యాయా?"

ఒక్క మాట చెబితే చాలు. మీ అమ్మ కుళాయికి వీపు పెట్టి గంటసేపు చేతులు తొక్కిపట్టుకుని కూర్చుంది, గ్లాసు ఇస్తే రెండుసార్లు వద్దంది, తాగింది కూడా నీ దగ్గరికి రావడానికే తాగింది అని. నోటి దాకా వచ్చింది. దాని వెనకే ఇంకా ఏమేం చెప్పాల్సి వస్తుందో కూడా వచ్చింది. ఉద్యోగం ఇంకా ఏడాదిన్నర ఉంది.

"జబ్బు తల్లీ. జబ్బుకు కూతురేంటి, ఎవరైతే ఏంటి. నీళ్లు కనబడితే దానికింకేమీ గుర్తుండదు," అన్నాను.

పిల్ల తల ఊపింది. ముందే తెలిసిన మాట ఇంకొకరి నోట విన్నట్టు ఊపింది. అప్పుడు చేప పైకప్పు మీంచి చూపు దించింది. నన్ను చూసింది, తర్వాత కూతుర్ని చూసింది. నోరు తెరిచింది. పెదాలు వంకర తిరుగుతున్నాయి, గొంతు నరాలు తేలాయి, బాగున్న ఎడమ చెయ్యి లేచి గాల్లో కొట్టుకుంది. ముక్కుతూ మూలుగుతూ ఒక్క మాట కోసం అది పడిన అవస్థ నేను చూశాను. ఏం చెప్పబోతోందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

పిల్ల లేచి సంచి భుజానికి తగిలించుకుంది.

"చూడు, ఇప్పుడు కూడా నీళ్లే. ఇవ్వు పెద్దమ్మా, పాపం," అని తలుపు వైపు నడిచింది.

నేను చెంచా నింపి పెదాలకు ఆనించాను. చేప పళ్లు బిగించింది. నీళ్లు చెంప మీదుగా జారి దిండు తడిసింది. అది నోరు తెరిచేసరికి కూతురు మెట్లు దిగిపోయింది, ఆ తర్వాతి ఆదివారం రాలేదు.